చిన్న కళాశాలల తుదిపోటీ



అమెరికాదేశమునందలి చిన్న కళాశాలల విద్యార్థులు ఏటేట తమలో తాము ఆడు ఫుట్‌బాల్ పోటీలను గూర్చియు, వాని చివర జరుగు జాతీయ తుదిపోటీని గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని. మా చోడవరపు చెరకు పొలములకును అమెరికా ఆటలకును సంబంధమేమని పెద్దలు అడుగవచ్చును. సంబంధము కలదు. మన పల్లెలలో చెడుగుడు ఆడు పిల్లవాడు ఎంత నేర్పరియైనను, సంకురాత్రి పందెముతోనో గ్రామదేవత తీర్థముతోనో వాని పేరు ముగియుచున్నది. అంతకు మించి పోదలచినచో, ధనమును శిక్షకులును గల పెద్ద సంస్థల ఆటగాండ్రతో ఒక్కసారిగా తలపడవలసి వచ్చును. చిన్నవారికి చిన్నవారితోనే పోటీ పెట్టి, అందును దేశమంతటికి ఒక శిఖరమును నిలుపుట సాధ్యమా? దానివలన లాభమేమి, నష్టమేమి? ఈ ప్రశ్నకు అమెరికావారు 1956 మొదలు సమాధానము వెదకుచున్నారు. వారి యనుభవములో మనము గ్రహింపదగినవి కొన్ని, జాగ్రత్త పడదగినవి కొన్ని కలవు.

మొదట ఆటను తెలిసికొందము. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచునది మన పాఠశాలలలో కాలితో తన్ను గుండ్రని బంతి యాట కాదు. ఆ బంతి కోడిగ్రుడ్డువలె నుండి, రెండు కొనలును మొనదేలి యుండును. క్రీడాస్థలము, రెండు కొనలనుండు గమ్యస్థానములను కలుపుకొని, 120 గజముల నిడివియు, 53 గజములకు కొంచె మెక్కువ వెడల్పును గలది. మన కొలతలో ఎకరము 32 సెంట్ల చేను. ఒక్కొక్క పక్షమున 11 మంది యుందురు. బంతిని చంకనిడుకొని పరుగెత్తవచ్చును. ముందున్న తనవానికి చేతితో విసరవచ్చును. ఎదుటివారు వానిని పట్టి నేలకు పడవేయుదురు. పడినచోట ఆట ఆగును. అచ్చటినుండియే మరల మొదలగును.

ఈ యాటకు ప్రాణమైన నియమ మొకటి కలదు. బంతి చేతనున్న పక్షమునకు నాలుగు ప్రయత్నము లిత్తురు. ఆ నాలుగింటిలో 10 గజముల నేలను గెలువవలెను. గెలిచినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. గెలువనిచో బంతి ఎదుటివారి పాలగును. చెరకు బండి బురదలో దిగబడినప్పుడు మన మేమి చేయుదుము? అందరును చక్రములకు భుజమిచ్చి ఒక్క ఊపున మూరెడు కదల్తుము. ఊపిరి పీల్చుకొని మరల ఊపుదుము. ఆ యాటయు అట్టిదే. పెక్కు ఊపులు రెండు మూడు గజములకే చాలును. అప్పుడప్పుడు మాత్రమే ఒకడు పట్టు తప్పించుకొని చేనంతయు దాటిపోవును.

చెడుగుడు ఎరిగినవారికి ఇందలి సారస్యము సులభముగా బోధపడును. చెడుగుడులో కూతకు పోయినవాడు ఎదుటివారిని తాకి తన గీతకు మరలి రావలెను. ఇచ్చట మరలి వచ్చుట లేదు, ముందునకు పోవుటయే. కాని పట్టు పట్టు విద్య రెండింటను ఒక్కటే. ఒకడు కాలు పట్టును, ఒకడు నడుము పట్టును, వేరొకడు దారి కట్టును. ఒక్కని బలముతో పట్టు నిలువదు. కలిసి పట్టినగాని బలవంతుడు లొంగడు.

గెలుపోటముల లెక్క యిట్టిది. బంతిని ఎదుటివారి గమ్యస్థానమునకు చేర్చినచో 6 పాయింట్లు. ఆ వెంటనే చిన్న అవకాశ మొకటి యిత్తురు. బంతిని నిలువు కంబముల నడుమనుండి తన్నినచో మరి 1 పాయింటు; తన్నక, 3 గజముల దూరమునుండి మరల గమ్యస్థానమునకు చేర్చినచో 2 పాయింట్లు. మొదటిది సులభము, రెండవది కష్టము. ఆటలో ఏ సమయముననైనను దూరమునుండి బంతిని కంబముల నడుమకు తన్నినచో 3 పాయింట్లు. ఆటకాలము 15 నిమిషముల చొప్పున నాలుగు భాగములు. కాని గడియారమును మాటిమాటికి నిలుపుదురు గావున ఆట ముగియుటకు ఇంచుమించు మూడు గంటలు పట్టును. ఒకటా రెండా అను ఈ యెంపికను శ్రోతలు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని కలదు.

ఈ యాట కళాశాలలలోనే పుట్టినది. 1869 నవంబరు 6న రట్గర్సు, ప్రిన్స్‌టన్ విద్యార్థులు ఆడిన ఆటను మొదటి కళాశాల పోటీగా లెక్కింతురు. తరువాత దేశమంతట వ్యాపించినది గాని, మోటుదనమును పెరిగినది. 1905వ సంవత్సరమున ఈ యాటలో తగిలిన దెబ్బలచే పలువురు యువకులు మరణించిరి. దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను పిలిపించి ఆటను సంస్కరింపుడని చెప్పెను. 1906లో పలు కళాశాలలు కూడి ఒక సంఘము నేర్పరచుకొనెను. 1910 నుండి దానికి నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అని పేరు. బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించినదియు 1906లోనే. గుంపులు గుంపులుగా తాకుకొనుట తగ్గి, ఆట విశాలమైనది.

నేడు చిన్న కళాశాలల తుదిపోటీకి ఆమస్ అలోన్జో స్టాగ్ అను శిక్షకుని పేరు పెట్టి స్టాగ్ బౌల్ అని పిలుచుచున్నారు. బౌల్ అనగా గిన్నె. గిన్నెవలె కట్టిన క్రీడాస్థలములనుబట్టి ఆ మాట పోటీలకే పేరైనది. స్టాగ్ 1862లో జన్మించెను. మతబోధకుడు కావలెనని యేల్ విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రమును అభ్యసించి, తుదకు యువకులకు ఆట నేర్పుటయే తన సేవ యని నిశ్చయించుకొనెను. 1892 నుండి 1932 వరకు షికాగో విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా నుండెను. 70 ఏండ్లు నిండినవని అచ్చట విశ్రాంతి యీయగా, విశ్రమింపక కాలిఫోర్నియాలోని పసిఫిక్ కళాశాలకు పోయి 1946 వరకు నేర్పెను. 1943లో, 81వ యేట, ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకుడని తోటి శిక్షకులు ఆయనను ఎన్నుకొనిరి. 102 ఏండ్లు జీవించి 1965లో మరణించెను. వయస్సు మీరినవానికి పని లేదనువారికి ఈయన జీవితమే సమాధానము.

ఆయన విడిచిన షికాగో విశ్వవిద్యాలయపు కథ మరింత వింతయైనది. ఒకప్పుడు అది ఈ యాటలో అగ్రగణ్యము. నేడు హైస్మన్ బహుమానమని పిలువబడు ఉత్తమ క్రీడాకారుని పురస్కారము 1935లో మొట్టమొదట ఆ విద్యార్థికే దక్కినది. అట్టి విశ్వవిద్యాలయము 1939లో ఆటను మానివేసినది. విద్యాలయము విద్యకొరకే గాని ఆటకొరకు కాదని దాని యధ్యక్షుడైన రాబర్ట్ హచిన్స్ వాదము. స్టాగ్ పేరు పెట్టిన క్రీడాస్థలము శూన్యమైనది. ఆ శూన్యస్థలమునందలి ప్రేక్షకుల మెట్ల క్రిందనే 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మియు ఆయన సహచరులును అదుపులో నుంచిన పరమాణు శృంఖలా ప్రక్రియను మొదటిసారి సాధించిరి. ఇట్లుండగా 1969లో ఆ విశ్వవిద్యాలయము ఫుట్‌బాలును మరల చేపట్టినది. ఇప్పుడు పెద్దలతో గాక చిన్న కళాశాలల శ్రేణిలో ఆడుచున్నది. ఆటకై విద్యను విడువలేదు, విద్యకై ఆటను శాశ్వతముగ విడువలేదు. ఈ రెంటికి నడుమ త్రోవ యొకటి కలదని అది కనుగొన్నది. చిన్న కళాశాలల శ్రేణి యనునది ఆ నడిమి త్రోవయే.

ఆ శ్రేణి యెట్లు ఏర్పడెనో చెప్పెదను. చిన్న కళాశాలలకు వేరుగా జాతీయ తుదిపోటీని వేరొక క్రీడాసంఘము 1956లో నడిపెను. అర్కన్సాస్ రాష్ట్రమునందలి లిటిల్ రాక్ పట్టణమున మొంటానా స్టేట్ కళాశాలయు, ఇండియానా రాష్ట్రపు సెయింట్ జోసఫ్స్ కళాశాలయు తలపడెను. ఇరుపక్షములును ఒక్క పాయింటైనను పొందలేదు. సున్నకు సున్న, ఇద్దరును సమాన విజేతలైరి. తరువాత 1973లో పెద్ద సంఘము తన కళాశాలలను మూడు శ్రేణులుగా విభజించెను. మొదటి శ్రేణిలో ధనికమైన పెద్ద విశ్వవిద్యాలయములు. రెండవ శ్రేణిలో మధ్యతరగతివి. మూడవ శ్రేణిలో చిన్నవి. మూడవ శ్రేణికి ముఖ్యమైన కట్టుబాటు ఒకటి కలదు. ఆట నేర్పునుబట్టి విద్యార్థికి ఉపకారవేతనము ఈయరాదు. బీదరికమునుబట్టి యీయవచ్చును, చదువునుబట్టి యీయవచ్చును, బంతినిబట్టి కాదు. ఈ శ్రేణిలో 400కు పైగా కళాశాల లుండగా, వానిలో 200కు పైగా ఫుట్‌బాల్ ఆడుచున్నవి. మొదటి శ్రేణిలోనో, ఒక న్యాయస్థానపు ఒప్పందమునుబట్టి 2025 జూలై 1 నుండి కళాశాలలే ఆటగాండ్రకు నేరుగా సొమ్ము చెల్లింప వచ్చునని యేర్పాటైనది. ఒకే దేశమున, ఒకే యాటలో, ఒకవైపు కోట్ల సొమ్ము. మరియొకవైపు తన ఫీజు తాను కట్టుకొని ఆడు పిల్లవాడు.

1973లో అలబామా రాష్ట్రపు ఫీనిక్స్ సిటీలో జరిగిన మొదటి తుదిపోటీలో విటెన్‌బర్గ్ కళాశాల జునియాటా కళాశాలను 41-0తో ఓడించెను. ఆ యేడు పోటీకి ఎన్నికైనవి నాలుగే జట్లు. 2005 నాటికి 32 అయ్యెను, 2024లో 40కి పెరిగెను. ఒక్కసారి ఓడినవారు ఇంటికి పోవలసినదే. 1993 మొదలు 2017 వరకు, వరుసగా 25 ఏండ్లు, ఈ తుదిపోటీ వర్జీనియా రాష్ట్రమునందలి సేలమ్‌లో జరిగెను. అది సుమారు పాతికవేల జనాభా గల పట్టణము. మహానగరము కాదు. మన తీర్థములు ఎట్లు ఊరికి పేరు తెచ్చునో అట్లే ఆ పోటీ ఆ యూరికి పేరు తెచ్చినది.

ఆ సేలమ్‌లోనే 2023 డిసెంబరు 15న జరిగిన తుదిపోటీని గూర్చి చెప్పవలెను. ఒక పక్షము ఇలినాయ్ రాష్ట్రపు నార్త్ సెంట్రల్ కళాశాల. అంతకు ముందటి యేటి విజేత అదియే. ఎదుటి పక్షము న్యూయార్కు రాష్ట్రపు కోర్ట్‌లండ్ కళాశాల; అంతవరకు ఆ బిరుదును ఎన్నడును పొందనిది. ఆట ముగియుటకు నిమిషమునకు కొంచె మెక్కువ కాలముండగా కోర్ట్‌లండ్‌కు 38, నార్త్ సెంట్రల్‌కు 31 పాయింట్లు. అప్పుడు నార్త్ సెంట్రల్‌వారు బంతిని గమ్యమునకు చేర్చి 6 పాయింట్లు పొందిరి. 38కి 37. ఇందాక గుర్తుంచుకొనుడని చెప్పిన యెంపిక ఇప్పుడు వచ్చినది. బంతిని తన్ని 1 పాయింటు తెచ్చుకొన్నచో సమానమై ఆట పొడిగింపబడును. 3 గజముల నేల గెలిచినచో 2 పాయింట్లు, ముందంజ వారిదే. వారు రెండింటినే కోరిరి. కోర్ట్‌లండ్‌వారు ఆ మూడు గజములను విడువలేదు. 38-37తో ఆట ముగిసెను. కోర్ట్‌లండ్ మొదటిసారి దేశమునకు విజేత యయ్యెను.

దీనిని సాహసమందురా, తొందరపాటందురా? నా యభిప్రాయమున అది గౌరవనీయమైన నిర్ణయము. బిరుదు నిలుపుకొనువాడు కాలయాపన చేయక, మూడు గజముల నేలపై తన భాగ్యమును నిలిపెను. ఓడినను వారి పేరు గెలిచినవారి పేరుతో సమానముగ నిలిచియున్నది. ఆ మైదానమున నిలిచినవారిలో ఆటకై వేతనము పొందినవాడు ఒక్కడును లేడు. ఐనను ఆ మూడు గజములు వారికి ఏ కోటీశ్వరుని ఆటకును తీసిపోనివి. చిన్నవారికి శిఖరమును నిలుపుటవలన లాభమేమని అడిగినవారికి నేను చూపగల దృష్టాంతము ఇదియే.

ఇక రెండవ ప్రక్కను చూడవలెను. శ్రేణులు విభజించినంతమాత్రాన సమానత్వము రాదు. ఒహాయో రాష్ట్రపు మౌంట్ యూనియన్ కళాశాల, 1993 నుండి 2017 లోపల, 13 సార్లు ఈ బిరుదును గెలిచెను. దాని శిక్షకుడైన లారీ కెరెస్ 1986 మొదలు 2012 వరకు పనిచేసి 11 బిరుదులు తెచ్చెను. విస్కాన్సిన్ వైట్‌వాటర్ విశ్వవిద్యాలయము 6 సార్లు గెలిచెను. 2005 నుండి 2011 వరకు ఏడు తుదిపోటీలును ఈ రెంటి నడుమనే జరిగెను. వైట్‌వాటర్ వేల కొలది విద్యార్థులు గల ప్రభుత్వ విద్యాసంస్థ. దానితో ఒకే శ్రేణిలో వెయ్యిమందికి మించని కళాశాలలును కలవు. చిన్న అను మాటలోను పెద్ద చిన్నలు కలవన్నమాట. ధనము లేనిచోట శిక్షకుని దీక్షయు, ఏండ్ల తరబడి నిలిచిన సంప్రదాయమును ధనమువలె పనిచేయును.

మరియొక సంగతి. అమెరికాలో పెక్కు చిన్న కళాశాలలు ఈ యాటను వినోదమునకే గాక బ్రతుకుతెరువునకు నడుపుచున్నవి. జట్టులో చేరదలచి నూరుమంది పిల్లలు వచ్చినచో నూరు ఫీజులు వచ్చును. కాని ఆట ఒక్కటే కళాశాలను కాపాడలేదు. 1956 నాటి మొదటి తుదిపోటీలో సమాన విజేతగా నిలిచిన సెయింట్ జోసఫ్స్ కళాశాల ధనాభావముచే 2017లో బోధనను నిలిపివేసెను. బిరుదు గోడపై మిగిలెను. తరగతి గదులు మూతపడెను. తల దెబ్బల మాటయు మరువరాదు. ఈ యాటలో పదేపదే తలకు తగులు దెబ్బలవలన మెదడు క్షీణించునని ఒక పూర్వ క్రీడాకారుని మెదడును పరీక్షించి బెన్నెట్ ఒమాలు అను వైద్యుడు 2005లో ప్రకటించెను. అటుపిమ్మట అభ్యాసములో పరస్పరము తాకుకొనుటను పెక్కు కళాశాలలు తగ్గించినవి. పిల్లవాని తలకంటె బిరుదు గొప్పది కాదు.

ఇప్పుడు మన యూరి మాటకు వత్తము. చోడవరము పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. ఈ ఉత్తరాంధ్రసీమలో బలమునకు కొరత యెన్నడును లేదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామవిద్య నేర్పిన కోడి రామమూర్తినాయుడుగారు ఈ సీమవారే. మన చెడుగుడు కబడ్డీ యను పేర దేశమంతటికి ఆటయైనది. 1950లో అఖిలభారత సమాఖ్య యేర్పడెను. 1952లో మదరాసున పురుషుల జాతీయ పోటీలు జరిగెను. 1990లో బీజింగ్‌నందు ఆసియా క్రీడలలో దానికి స్థానము లభించెను. మన రాష్ట్రమునను 2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్టణములో ముగిసిన ఆడుదాం ఆంధ్రా పోటీలలో గ్రామము, మండలము, నియోజకవర్గము, జిల్లా, రాష్ట్రము అను మెట్లు కట్టిరి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్రికెట్, బాడ్మింటన్ అందులోని ఆటలు. మెట్లు కట్టుట మనకు తెలియనిది కాదు. తెలియవలసినది, ఆ మెట్లను ఏటేట విడువక నిలుపుట. స్టాగ్ బౌల్ గొప్పతనము ఒక యేటి యార్భాటములో లేదు. 1973 నుండి, మహామారి వచ్చిన 2020లో తప్ప, ప్రతియేడును జరుగుటలో కలదు.

పెద్దలకు నేను చేయు మనవి మూడు మాటలు. మొదటిది, సమానులకు సమానులతో పోటీ పెట్టుడు. పల్లె కళాశాలకు పల్లె కళాశాలతోను, చిన్న యూరికి చిన్న యూరితోను తలపడు అవకాశము ముందుండవలెను. పెద్దలతో తలపడుట తరువాతి మెట్టు. రెండవది, ఆట తీరు మారినదని గుర్తింపుడు. పెద్ద పోటీలలో కబడ్డీని నేడు మట్టిపై గాక పరుపువంటి చాపలపై, బూట్లు తొడిగి ఆడుచున్నారు. మట్టిలో పులివలె ఆడు మన పిల్లవాడు ఆ చాపపై కాలు జారి ఓడుట బలము లేక కాదు, అలవాటు లేక. మండలమునకు ఒక్క చాపను సమకూర్చి అన్ని గ్రామములును వంతులవారీగా వాడుకొనినచో, తీర్థమునాడు బహుమానములకై చేయు వ్యయముకంటె ఎక్కువ మేలు కలుగును. మూడవది, ఆటను చదువునకు చెలికానిగ నుంచుడు గాని యజమానిని చేయకుడు. గెలిచిన పిల్లవానికి దండ వేయునప్పుడే వాని పరీక్షల మాట అడుగుడు. దెబ్బ తగిలినవానిని పౌరుషము పేరుతో మరల బరిలోనికి త్రోయకుడు.

చిన్నవానికి సరిజోడు దొరికినప్పుడే వాని బలమెంతయో వానికి తెలియును. మన పల్లెలలో బలమునకు లోటు లేదు. ఆ సరిజోడును వెదకి, బరి గీచి, ఏటేట ఆ గీత చెరగకుండ చూచుట పెద్దల పని.